పాత తుపాకికి రోగనిర్ధారణ



మధుమేహం, రక్తపోటు, పాముకాటు వంటి విషయాలు వ్రాసే వైద్యుడు తుపాకి గురించి వ్రాయటమేమిటని మీకు అనిపించవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన కాలంలో తుపాకి గాయాలను, నాటుబాంబు గాయాలను నేను చాలానే చూశాను. తుపాకి గాయాలతో వచ్చినవారిలో ఇతరులు కాల్చగా గాయపడినవారు కొందరు. తమ ఇంటి తుపాకే తుడుస్తుండగానో, గోడమీది నుంచి దించుతుండగానో పేలి గాయపడినవారు మరికొందరు. ఈ రెండవ కోవకు చెందినవారు, వారి బంధువులు దాదాపు ఒకే మాట చెప్పేవారు: "ఖాళీదే అనుకొంటిమి సార్!" ఆ మాట గురించే ఈ వ్యాసం.

ఆదోనిలో పాత మిద్దెలు ఒక్కొక్కటిగా పడగొట్టి కొత్త భవనాలు కడుతున్నారు. పాత ఇళ్లలోని టేకు ద్వారబంధాలకు, చెక్కడపు స్తంభాలకు, ఇత్తడి గంగాళాలకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. ప్రత్తి వ్యాపారం చేసే నా మిత్రుని కుమారుడు తన కొత్త ఇంటికోసం ఒక పాత సామాన్ల వర్తకుని వద్ద ఇటువంటి సరుకు కొన్నాడు. దానితోపాటు ఒక పొడవాటి తుపాకి కూడా వచ్చింది. హాలులో గోడకు తగిలిస్తే అందంగా ఉంటుందని అతని ఆలోచన. తుపాకి ఫోటోలు ఫోనులో పట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

"డాక్టరు మామా, ఇది టిప్పు సుల్తాను సైన్యం వాడిన రైఫిలంట. నువ్వు చరిత్ర పుస్తకాలు బాగా చదువుతావు కదా. నిజమేనా చూసి చెప్పు."

"చెప్తాలే నాయనా. దానికంటే ముందు ఒక మాట. లోపల మందు ఉందో లేదో చూసినారా?"

"ఎప్పటిదో పాతది మామా! లోపల తుప్పు తప్ప ఏముంటుంది?"

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న

అతని సమాధానం సహజమైనదే. మందుబిళ్లలకు గడువు తేదీ ఉన్నట్లే తుపాకి మందుకు కూడా గడువు ఉంటుందని మనం అనుకుంటాము. నల్లమందు విషయంలో అది నిజం కాదు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన ఈ మందులో సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం ఉంటాయి. ఈ మూడూ ఏళ్లు గడిచినంత మాత్రాన కుళ్లిపోయే పదార్థాలు కావు. తడి తగిలితే మందు అంటుకోదు, పొడిగా ఉంటే నూరేళ్లకైనా అంటుకుంటుంది. గొట్టం అడుగున గట్టిగా దట్టించి పైన గుడ్డపీలికలు కుక్కిన మందుకు గాలి, తేమ తగలటం తక్కువ. అంటే మూతి నుంచి మందు దట్టించే పాత తుపాకి ఒక విధంగా మూత బిగించిన సీసా వంటిది.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇటువంటి తుపాకిలోని మందును బయటికి తీయటం శ్రమతో కూడిన పని. వేటకు వెళ్లి జంతువు కనబడక తిరిగివచ్చిన మనిషి తుపాకిని అలాగే మూలన నిలబెట్టేవాడు. అతడు పోయిన తరువాత అందులో మందు ఉన్నదని చెప్పేవారు ఇంట్లో మిగలరు.

ఇంట్లో ఎవరైనా దానిని ముట్టుకున్నారా అని అడిగాను. తన ఎనిమిదేళ్ల కొడుకు దాని హ్యామర్‌ను వెనక్కి లాగి టక్కుమని వదలి ఆడుకుంటున్నాడని, దీపావళి బొమ్మ తుపాకిలో వాడే బిళ్ల ఒకటి అక్కడ పెట్టి కొట్టి చూస్తానంటున్నాడని నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఆ తుపాకి నిర్మాణం తెలిసినవారెవరికీ నవ్వు రాదు.

ఫోటోలతో చేసిన పరీక్ష

జ్వరమన్న రోగి వస్తే వైద్యుడు మొదట చూపుతో పరిశీలిస్తాడు. ముట్టుకోకుండానే చాలా సంగతులు తెలుస్తాయి. ఫోటోలలో ఆ తుపాకిని నేను అలాగే చూశాను. మీ ఇంట్లో ఇటువంటిది ఉంటే గుర్తుపట్టటానికి పనికి వస్తుందని ఆ క్రమాన్ని వివరిస్తాను.

మొదట చూడవలసింది నిప్పు పుట్టే చోటు. అత్యంత పురాతనమైన వత్తి తుపాకులలో వెలిగించిన నూలు వత్తిని పట్టుకొనే ఇనుప కొక్కెం ఉంటుంది. మన పాళెగాళ్ల కాలంలో ఇటువంటివి విరివిగా ఉండేవి. తరువాతి రకంలో చెకుముకి రాయిని బిగించిన హ్యామర్, దానికి ఎదురుగా ఉక్కు పలక, కింద మందు పోసే చిన్న గిన్నె ఉంటాయి. ఆ తరువాతి రకంలో రాయి ఉండదు, గిన్నె ఉండదు. గొట్టం వెనుక చివర సన్నని రంధ్రమున్న చిన్న ఇనుప మొన ఉంటుంది. దానిమీద రాగి టోపీ వంటి కేపును తొడుగుతారు. కేపులోని పాదరసపు రసాయనం హ్యామర్ దెబ్బకు పేలి, ఆ నిప్పు రంధ్రం గుండా లోపలి మందుకు చేరుతుంది.

మా వాడి తుపాకి ఈ మూడవ రకానికి చెందినది. ఒక్క ఈ ఆధారంతోనే వర్తకుడు చెప్పిన కథ వీగిపోయింది. టిప్పు సుల్తాను 1786లో ఆదోని కోటను ముట్టడించి పట్టుకున్న మాట నిజం. ఆయన శ్రీరంగపట్నంలో మరణించింది 1799 మే 4న. దెబ్బకు పేలే రసాయనంతో తుపాకి కాల్చే పద్ధతికి స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే మతాచార్యుడు పేటెంటు పొందింది 1807లో. రాగి కేపులు ఆ తరువాత వచ్చాయి. టిప్పు ఆయుధాలకు పులిచారల అలంకారం ప్రసిద్ధం, అదీ దీనిమీద లేదు.

రెండవది పక్కనున్న ఇనుప పలక. దానిమీద కిరీటం, కిరీటం కింద ఇంగ్లీషులో వి, ఆర్ అనే రెండు అక్షరాలు ఉన్నాయి. అవి విక్టోరియా రాణికి గుర్తు. ముందు భాగంలో 1859 అనే సంవత్సరం, టవర్ అనే మాట చెక్కి ఉన్నాయి. టవర్ అంటే లండన్ టవర్, బ్రిటిష్ ప్రభుత్వపు ఆయుధాలకు ఒకనాటి కేంద్రం. ఈస్టిండియా కంపెనీ తుపాకి అయితే పలకమీద కిరీటాన్ని పట్టుకొని నిలబడిన సింహం బొమ్మ ఉండవలసింది. 1858లో కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది గనుక ఈ గుర్తులకు ఈ సంవత్సరం సరిపోయింది.

మూడవది ఆకారం. గొట్టాన్ని కొయ్యకు బిగించిన ఇనుప పట్టీలు మూడున్నాయి. గొట్టం పొడవు 39 అంగుళాలు, మొత్తం పొడవు 55 అంగుళాలు. కాబట్టి ఇది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ కుటుంబానికి చెందిన తుపాకి. ఈ పేరు మీరు వినే ఉంటారు. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాల కాగితాన్ని పంటితో చించాలన్న వార్తతో 1857లో సిపాయిలలో అలజడి రేగినది ఈ రైఫిలు విషయంలోనే. మార్చి 29న బారక్‌పూరులో మంగళ్ పాండే, మే 10న మీరట్‌లో సిపాయిలు ఆయుధమెత్తారు.

పలకమీద ముద్రలుంటే చాలదని కూడా చెప్పాలి. పాత ముద్రలను అనుకరించి చేసిన నకిలీలు చాలా ఉన్నాయి. వాటిలో అక్షరాలు తలకిందులుగానో, తిరగబడో ఉంటాయి, గీతలు తడబడతాయి. ఒక్క లక్షణాన్ని పట్టుకొని రోగం పేరు చెప్పకూడదు. లక్షణాలన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి.

కర్ర చెప్పిన సంగతి

ఇక ఫోటోలను పక్కన పెట్టి, లోపల ఏముందో తేల్చవలసిన ఘట్టం వచ్చింది. ఆ పని నేను చేయలేదు, మా వాడిని చేయనివ్వలేదు. శస్త్రచికిత్స అవసరమైన రోగిని సర్జన్ దగ్గరకు పంపటమే ఫిజీషియన్ ధర్మం. తుపాకిని కదల్చకుండా గదికి తాళం వేయించి, తెలిసిన న్యాయవాదిని సంప్రదించి, అదే రోజు పోలీసు స్టేషనుకు సమాచారం ఇప్పించాను. వారు ఆయుధాల మరమ్మతు తెలిసిన ఆర్మరర్‌ను రప్పించారు.

ఆయన చేసిన పరీక్ష చాలా చిన్నది. తుపాకి మూతికి ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, సన్నని వెదురు కర్రను మెల్లగా గొట్టంలోకి దించారు. కర్ర ఆగిన చోట, మూతి దగ్గర దానిమీద గుర్తు పెట్టారు. తరువాత ఆ కర్రను బయటికి తీసి గొట్టం పక్కన ఉంచి చూశారు. గొట్టం ఖాళీగా ఉంటే కర్ర కొన కేపు తొడిగే మొన దాకా రావాలి. అది సుమారు నాలుగు అంగుళాల దూరంలోనే ఆగిపోయింది.

అడ్డుపడినది మందే కానక్కరలేదు. పాత గొట్టాలలో కుమ్మరిపురుగులు మట్టిగూళ్లు కడతాయి. తుప్పు పెచ్చులు ఊడి పేరుకుంటాయి. ఆర్మరర్ ఏ నిర్ణయానికీ తొందరపడలేదు. గొట్టంలో నీరు నింపి రెండు రోజులు నాననిచ్చి, మెలికల కొన ఉన్న కడ్డీతో మెల్లగా లాగితే మొదట నల్లబడిన గుడ్డపీలికలు, వాటి వెనుక బఠాణీ గింజంత సీసపు గుండ్లు పదిహేడు, ఆ వెనుక తడిసిన నల్లని పొడి వచ్చాయి. ఆ పొడిలో చిటికెడు ఎండబెట్టి, ఆరుబయట దూరం నుంచి నిప్పు అంటించి చూపించారు. భుస్సుమని తెల్లని పొగ లేచింది.

మా వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కొడుకు బొమ్మ తుపాకి బిళ్లల డబ్బా సంగతి అప్పుడు అతనికి గుర్తుకువచ్చి ఉంటుంది.

రైఫిలు కాని రైఫిలు

లోపల శుభ్రం చేసిన తరువాత ఆర్మరర్ గొట్టంలోకి చిన్న దీపం వేసి నన్ను కూడా చూడమన్నారు. చెవి లోపలికి ఆటోస్కోపుతో చూసినట్లు చూశాను. లోపల నునుపుగా ఉంది.

రైఫిలు అనే పేరు రావటానికి కారణం గొట్టం లోపల మెలి తిరిగిన చాళ్లు. ఆ చాళ్లవల్ల గుండు బొంగరంలా తిరుగుతూ, దారి తప్పకుండా చాలా దూరం పోతుంది. 1853 ఎన్‌ఫీల్డ్‌కు మూడు చాళ్లుంటాయి, గొట్టం వ్యాసం 14.7 మిల్లీమీటర్లు. దీనిలో చాళ్లు లేవు, వ్యాసం 16.5 మిల్లీమీటర్లు దాటింది. బయటి రూపం ఎన్‌ఫీల్డ్‌దే, లోపలి నిర్మాణం మాత్రం వేరు.

ఈ వైరుధ్యానికి వివరణ 1857లోనే ఉంది. తిరుగుబాటు అణగిన తరువాత ప్రభుత్వం ఫిరంగి దళాలను దాదాపు పూర్తిగా తెల్ల సైనికులకు అప్పగించింది. భారతీయ సిపాయిల కోసం ఎన్‌ఫీల్డ్ ఆకారంలోనే చాళ్లు లేని నునుపు గొట్టాల తుపాకులను తయారు చేయించింది. మొదట్లో ఉన్న రైఫిళ్ల చాళ్లనే తొలిచి చెరిపివేశారు. తెల్ల సైనికుని రైఫిలు కొన్ని వందల గజాల దూరం గురి తప్పకుండా కొడుతుంది. సిపాయి చేతిలోని నునుపు గొట్టానికి వంద గజాలు దాటితే గురి నిలవదు. ఇద్దరూ ఒకే సైన్యంలో, ఒకే రాణికి కొలువు చేసేవారు. పక్కపక్కన నిలబడితే ఇద్దరి భుజాన ఉన్న తుపాకులు చూపులకు ఒకేలా ఉండేవి. ఎవరిని నమ్మారో, ఎవరిని నమ్మలేదో గొట్టం లోపలికి చూస్తేనే తెలిసేది. ఆ తరువాత కూడా చాలాకాలం భారతీయ సైనికులకు తెల్లవారి కంటే ఒక తరం వెనుకటి ఆయుధమే దక్కింది.

లోపల దొరికిన గుండ్లు సైన్యం వాడే తూటా కావు, వేటగాళ్లు వాడే చిల్లర గుండ్లు. నునుపు గొట్టం వాటికి బాగా పనికి వస్తుంది. అంటే సైన్యం వదిలించుకున్న తరువాత ఈ తుపాకి ఏదో పల్లెలో చేను కాచే పనికో, వేటకో కుదిరింది. చివరిసారి దట్టించినది అక్కడే. టిప్పు పేరు చెప్పి అమ్మిన వస్తువుకు అసలు చరిత్ర ఇది. వర్తకుని కథ కంటే ఇదే నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది.

ఆరోగ్యపరంగా తెలియవలసినవి

పాత తుపాకిని కొన్నవారు మొదట చేసే పని తుప్పు వదిలించటం. ఉప్పుకాగితంతో రుద్దటం, యాసిడ్ పోయటం నేను విన్నాను. రక్తపరీక్షకు ముందే యాంటీబయాటిక్ మింగితే రోగకారణం ఎలా మరుగున పడుతుందో, తుప్పు గీకితే ముద్రలు అలా పోతాయి. అంతకంటే ముఖ్యంగా, రుద్దేవాడు గొట్టాన్ని తనవైపు తిప్పుకొనే కూర్చుంటాడు. యాసిడ్ పొగ ఊపిరితిత్తులకు, కళ్లకు చేటు.

సీసపు గుండ్లను పిల్లలకు ఆడుకోవటానికి ఇవ్వకండి, ఇంటి పొయ్యిమీద కరిగించకండి. సీసపు పొగ, ధూళి శరీరంలో చేరితే కడుపులో మెలిపెట్టే నొప్పి, రక్తహీనత, నరాల బలహీనత కలుగుతాయి. పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఒంట్లో మిగిలిపోయిన గుండు విషయంలో కూడా ఒక మాట. కండలో చిక్కిన గుండు చుట్టూ పొర ఏర్పడి చాలావరకు అది అలాగే ఉండిపోతుంది. కీలులో చిక్కిన గుండు మాత్రం కీలుద్రవంలో కరిగి ఏళ్ల తరువాత సీసపు విషాన్ని కలిగించగలదు. పాత గుండు ఒంట్లో ఉన్నవారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

ఒకవేళ ప్రమాదం జరిగితే శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా నొక్కిపట్టి 108కి ఫోను చేయండి. గుండును వెతికి తీసే ప్రయత్నం చేయకండి. పసుపు, కాఫీపొడి, కిరసనాయిలు వంటివి వేయకండి. పొట్టలో గాయమైతే తాగటానికి, తినటానికి ఏమీ ఇవ్వకండి. కన్ను దెబ్బతింటే నలపక, ఒత్తిడి పడకుండా కప్పి తీసుకురండి. ధనుర్వాతపు టీకా అవసరమవుతుంది. పోలీసు కేసు అవుతుందని భయపడి ఇంట్లోనే ఉంచుకొనేవారిని చూశాను. తుపాకి గాయమైతే ఆసుపత్రి వారు పోలీసులకు తెలియజేస్తారు, కాని ఆ లాంఛనాలకోసం చికిత్స ఆగకూడదు. అత్యవసర స్థితిలో ప్రాణం కాపాడటమే మొదటి విధి అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో స్పష్టంగా చెప్పింది.

చట్టం సంగతి

"పురాతన వస్తువుకు లైసెన్సు అక్కరలేదు" అన్న మాట చాలామంది నోట వింటాము. అది సగం నిజం. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను పాతకాలపు నమూనా ఆయుధాలకు, పురాతన విలువ గలవాటికి, చెడిపోయినవాటికి మినహాయింపు ఇచ్చిన మాట వాస్తవమే. కాని మరమ్మతు చేసినా, చేయకపోయినా కాల్చటానికి పనికిరానివై ఉండాలన్నది అందులోని షరతు. మా వాడి తుపాకిలో మందు పొడిగా ఉంటే, ఒక కేపు చాలు. అటువంటప్పుడు దాని వయస్సు ఎంతైనా లైసెన్సు లేకుండా ఉంచుకోవటం నేరమే, దానికి జైలుశిక్ష ఉంది. లైసెన్సు లేని ఆయుధం చేతికి వచ్చినవారు దానిని పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు ఉన్న ఆయుధ వర్తకుని వద్దగాని అప్పగించే వీలు ఆ చట్టంలోనే ఉంది. మా వాడు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకున్నాడు. హాలు గోడమీద ఇప్పుడు ఆదోని కోట ఛాయాచిత్రం ఉంది. పాత తుపాకులు చూడాలని ముచ్చటపడే కొడుకును హైదరాబాదుకు తీసుకువెళ్లి సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గది చూపించి వచ్చాడు.

పాఠకులకు నా విన్నపం ఒక్కటే. మీ అటకమీద, ధాన్యపు గదిలో, పొలంలోని పాకలో తాతల నాటి తుపాకి ఉందేమో ఈ వారంలో ఇంటి పెద్దలను అడగండి. ఉంటే దానిని దించకండి, తుడవకండి, హ్యామర్ లాగకండి, మూతిలోకి చూడకండి, సంచిలో వేసుకొని స్టేషనుకు మోసుకుపోకండి. పిల్లలు ఆ గదిలోకి పోకుండా తాళం వేసి, పోలీసులకు తెలిపి, వారు చెప్పినట్లు చేయండి. అది ఏ కాలపుదో, ఎవరిదో తరువాత నిదానంగా తెలుసుకోవచ్చు. ఖాళీ అని పరీక్షించి చూసేంతవరకు ప్రతి తుపాకి నిండుగా ఉన్నట్లే లెక్క.